మంచు నెలలో మన పట్నం



మనకు మంచు అనే మాట ఒక్కటే. తెల్లవారుజామున ఎదురింటి గుమ్మం కనిపించకుండా కమ్ముకునేదీ మంచే, గడ్డిపరక మీద నిలిచే బొట్టూ మంచే, హిమాలయాల మీద గడ్డకట్టి పరుచుకునేదీ మంచే. ఇంగ్లీషువాళ్ళు ఒక్కొక్కదానికి ఒక్కొక్క పేరు పెట్టుకున్నారు. మనకా అవసరం రాలేదు. విశాఖ మన్యంలో లంబసింగి దగ్గర చలికాలం నీళ్ళు గడ్డకట్టేటంత చలి వేస్తుందేమోగాని, మన గుంటూరు, ప్రకాశం మెట్ట భూముల్లో ఆకాశం నుంచి తెల్లగా రాలిన మంచును ఎవరూ చూసి ఎరుగరు.

అయినా ఆ మంచు బొమ్మలు మన ఇళ్ళల్లో తక్కువా? 1980ల్లో, 90ల్లో డిసెంబరు మూడో వారం వచ్చేసరికి ఫ్యాన్సీ షాపుల ముందు తాళ్ళకి గ్రీటింగ్ కార్డులు వేలాడేవి. వాటి మీద మంచు కప్పిన పెంకుటిల్లు, మంచు మోస్తున్న దేవదారు చెట్టు, మెరుగుపొడి అద్దిన బండి. సత్తెనపల్లిలో కొన్న ఆ కార్డును నరసరావుపేటలో ఉన్న స్నేహితురాలికి పోస్టు చేసేవాళ్ళం. పంపినవాళ్ళూ అందుకున్నవాళ్ళూ చలికి కప్పుకున్నది పాత దుప్పటి! అది మన పండుగ మంచు కాకపోయినా, పండుగల నెల వచ్చిందనడానికి ఒక గుర్తు.

ఈవేళ ఆ నెల గురించే నాలుగు మాటలు చెబుదామని. నెలగంట పెట్టిన రోజు నుంచి ముక్కనుమ దాకా, నడుమ క్రిస్మస్, జనవరి ఒకటి కలుపుకుని, మన పట్నాల్లో జనం ఎలా పొద్దుపుచ్చారు, ఏం చూశారు, ఏం విన్నారు? ముఖ్యంగా ఆడవాళ్ళం ఏ దారిన గడప దాటాం? పెద్దల చరిత్ర పుస్తకాల్లో ఇది దొరకదు. రాజులకీ యుద్ధాలకీ పేజీలు ఉంటాయి గాని, ఆడవాళ్ళ సరదాకి ఎవరు పేజీ కేటాయిస్తారు చెప్పండి?

మొదట మన సరదా అంతా వాకిలే. సూర్యుడు ధనూరాశిలోకి వచ్చే డిసెంబరు మధ్య నుంచి ముగ్గుల నెల. చీకటితో లేచి కళ్ళాపి చల్లి, బియ్యప్పిండో ముగ్గుపిండో పట్టుకుని కూర్చుంటే చుక్కలు లెక్క తప్పకుండా కలపాలి. గొబ్బెమ్మలు చేసి గుమ్మడిపూలు, బంతిపూలు గుచ్చాలి. వైష్ణవుల ఇళ్ళల్లో రోజుకొక్కటి చొప్పున ముప్ఫయి తిరుప్పావై పాశురాలు. తలమీద రాగి అక్షయపాత్రతో, చేతిలో చిడతలతో హరిదాసు వచ్చి బియ్యం పోయించుకుని వెళ్ళేవాడు. వెనకాలే గంగిరెద్దులవాళ్ళు, బుడబుక్కలవాళ్ళు, జంగమ దేవరలు. ఊరూరా తిరిగే ఈ కళాకారులే అప్పటి సినిమా, అప్పటి రేడియో. ఒక్క తేడా ఏమిటంటే ఆట మన దగ్గరికి వచ్చేది, మనం ఆట దగ్గరికి వెళ్ళేవాళ్ళం కాదు. సాయంత్రం ఆడపిల్లలు ఇంటింటికీ గొబ్బి తట్టడానికి వెళ్ళడం, బొమ్మల కొలువు పేరంటం, అంతే మనకున్న షికారు.

దీనికి తోడు చాకిరీ. బియ్యం నానబోసి, రోట్లో పోసి దంచి, జల్లించి, ఆ తడి ఆరకుండానే పాకంలో కలిపితేగాని అరిసె కుదరదు. ఒకరు దంచాలి, ఒకరు పాకం చూడాలి, ఒకరు వత్తాలి, ఇంకొకరు నూనెలోంచి తీసి చెక్కల మధ్య పెట్టి నొక్కాలి. నలుగురు ఆడవాళ్ళు లేనిదే అరిసెల పొయ్యి వెలగదు. అందుకే ఆ రోజు ఇరుగుపొరుగు అంతా ఒక్క ఇంట్లో చేరేవారు. రేపు ఇంకో ఇల్లు. నడుములు పడిపోయినా ఆ కబుర్లూ నవ్వులే పండుగ అని మా అత్తగారు ఇప్పటికీ అంటారు. పిండిమర వచ్చాక రోకలి పోటు తగ్గింది. స్వీటు షాపులు వచ్చాక ఆ కబుర్లూ తగ్గాయి.

ఇక క్రిస్మస్ సంగతి. మన జిల్లాకి ఈ పండుగ నిన్న మొన్న వచ్చింది కాదు. అమెరికా నుంచి లూథరన్ మిషనరీ హేయర్ గారు 1842 జూలై 31న గుంటూరు చేరారు. తరవాత కొన్నేళ్ళకే ఆయన పల్నాడులోకీ వెళ్ళారు. 1883లో డాక్టరు అన్నా కుగ్లర్ అనే ఆవిడ వచ్చారు. మగ డాక్టరు చెయ్యి పట్టుకుని నాడి చూడడం కూడా తప్పనుకునే ఇళ్ళల్లోకి ఆవిడ వెళ్ళి పురుళ్ళు పోశారు. 1898లో గుంటూరులో ఆవిడ తెరిచిన ఆసుపత్రికి పరదాల చాటు నుంచి ఎంతోమంది ఆడవాళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చారు. ఆ రోజుల్లో గౌరవమైన ఇంటి స్త్రీ గడప దాటడానికి దొరికిన కారణాల్లో జబ్బు ఒకటి!

ఆ మిషన్ల ద్వారానే చలికాలపు రెండో పండుగ మన పేటల్లో పాతుకుంది. బాపట్ల, చీరాల ఇసుక నేలల్లో పెరిగే సరుగుడు కొమ్మ తెచ్చి క్రిస్మస్ చెట్టుగా నిలబెట్టారు. కాగితం నక్షత్రంలో దీపం పెట్టి ఇంటి ముందు కట్టారు. మరి చెట్టు మీద మంచు? కార్డు మీద చూసిన ఆ తెల్లదనం ఎక్కడినుంచి తెస్తారు? దూది పింజలు తీసి కొమ్మల మీద పరిచారు. పత్తి పండే నేలలో అంతకన్న తేలికైన పని ఏముంది! ఈ ప్రాంతంలో నిజంగా కురిసే మంచు ఇదేనని నాకనిపిస్తుంది. ఆ మాటకి మళ్ళీ వస్తాను.

క్రిస్మస్ నాడు కేకు ముక్కలూ, సంక్రాంతికి అరిసెలూ గోడ మీదుగా అటూ ఇటూ మారే ఇళ్ళు మన పట్నాల్లో ఎన్నో. రెండు పండుగలకీ నడుమ మూడు వారాలే కదా. రెండు పక్కలా పిల్లలకి సెలవులూ, కొత్తబట్టలూ, రెండు పక్కలా ఆడవాళ్ళకి పొయ్యిదగ్గర చాకిరీ.

వాకిలి దాటించింది మాత్రం సినిమాయే. విజయవాడలో పోతిన శ్రీనివాసరావు గారు మారుతి సినిమా హాలు కట్టింది 1921లో. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. చిన్న ఊళ్ళకి ముందు డేరా హాళ్ళు వచ్చాయి, టూరింగ్ టాకీసులు అనేవారు. మధ్యాహ్నం పూట బండి మీద మైకు కట్టుకుని, రంగు కాగితాలు విసురుకుంటూ తిరిగేవారు. సాయంత్రం ఘంటసాల గారి వేంకటేశ్వరుని పాట రికార్డు వేశారంటే ఆట మొదలవబోతోందని గుర్తు. నేల, బెంచీ, కుర్చీ అని తరగతులు. ఆడవాళ్ళకి వేరే టిక్కెట్టు కిటికీ, హాల్లో వేరే వైపు, మధ్య నడుమెత్తు గోడ.

ఈనాడు ఆ గోడను చూసి నవ్వుకుంటాం గాని, మన పెద్దవాళ్ళకి ఆ గోడే అనుమతి పత్రం. "ఆడవాళ్ళకి వేరే ఉంది" అన్న ఒక్క మాటతో మామగార్లు సరే అన్నారు. పైగా ఆడింది పౌరాణికం అయితే గుడికి వెళ్ళినంత పుణ్యం! పండుగకి పుట్టింటికి వచ్చిన ఆడపడుచులూ, అల్లుళ్ళూ ఉన్న ఇంట్లో సినిమా అడగడానికి సంక్రాంతిని మించిన అదను లేదు. మా అత్తగారు అనేవారు, "ఏడాదంతా అడగలేని మాట కనుమనాడు మరిదిచేత అడిగించేవాళ్ళం" అని.

సినిమావాళ్ళు ఈ గుట్టు తొందరగానే పట్టేశారు. 1955 జనవరి 12న విజయా వారి 'మిస్సమ్మ' విడుదలైంది. ఆ సినిమాలో మన నేల ఎంత ఉందో చూడండి. నిర్మాతల్లో ఒకరూ, రచయితా అయిన చక్రపాణి గారిది తెనాలి. కథానాయిక సావిత్రి గారు పుట్టింది గుంటూరు జిల్లా చిర్రావూరు. ఆవిడ చెల్లెలుగా కనిపించిన జమున గారు పెరిగింది దుగ్గిరాల. మొదట మిస్సమ్మ వేషానికి అనుకున్న భానుమతి గారు ఒంగోలు దగ్గరి దొడ్డవరంలో పుట్టారు. బెంగాలీ మూలాన్ని తీసుకుని, మన ఇళ్ళల్లో జరిగినట్టే కథ అల్లారు. బి.ఏ. చదివిన మేరీ అనే క్రైస్తవుల ఇంటి పిల్ల, అప్పు తీర్చడానికి ఉద్యోగం కావాలి. భార్యాభర్తలైన పంతుళ్ళే కావాలని ప్రకటన ఉండడంతో ఒక హిందూ యువకుడితో కలిసి దంపతులమని నటిస్తుంది. పసుపు కుంకుమ పళ్ళెం ముందుకు వస్తే ఆ పిల్ల మొహం ముడుచుకోవడం చూసి హాలంతా నవ్వింది. చివరికి ఆ పిల్ల జమీందారుగారి తప్పిపోయిన కూతురేనని కథ సర్దేశారనుకోండి, అది వేరే సంగతి. క్రిస్మస్ నక్షత్రం దించకముందే, సంక్రాంతి రథం ముగ్గు వేసేవేళకి వచ్చిన ఆ సినిమాలో రెండు వాకిళ్ళ ఆడపిల్లలూ తమని చూసుకున్నారు. ఉద్యోగం చేసి అప్పు తీరుస్తానన్న పిల్ల కథానాయిక కావడం కూడా చిన్న మాట కాదు.

అక్కడినుంచి సంక్రాంతి అంటే కొత్త సినిమా అని స్థిరపడింది. 1965 జనవరి 14న 'పాండవ వనవాసం', 1971 జనవరి 13న 'దసరా బుల్లోడు'. వాణిశ్రీ గారి కొప్పూ, చీరకట్టూ చూసివచ్చి అద్దం ముందు నిలబడని ఆడపిల్ల ఆ రోజుల్లో లేదంటారు. 1977 జనవరి 14న అయితే ఒక్కరోజే రెండు భారతాలు: రామారావు గారి 'దానవీరశూర కర్ణ', కృష్ణ గారి 'కురుక్షేత్రం'. కర్ణుడి సినిమా నాలుగు గంటలకు దగ్గరగా ఉండేది. పిల్లలకి జంతికలు మూటకట్టుకుని వెళ్ళారు తల్లులు. అదే ఏడు నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చి, కృష్ణా, గుంటూరు తీరాల్లో పదివేలమందికి పైగా పోయారు. తెరమీద కిరీటాలు పెట్టుకున్న రామారావు గారూ, నాగేశ్వరరావు గారూ రోడ్డు మీద జోలె పట్టి విరాళాలు అడిగారు. మరుసటి జనవరికి తీరప్రాంతంలో ఎన్నో ఇళ్ళ ముందు ముగ్గు పడలేదు. వినోదం, దుఃఖం రెండూ ఒకే వీధిలో కాపురం ఉంటాయి మరి.

హాలుకు వెళ్ళలేని ఇంటికి రేడియో వచ్చింది. విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న మొదలైంది, అంటే నెలగంటకి దాదాపు పదిహేను రోజుల ముందు. తొలిరోజుల్లో పోస్టాఫీసులో లైసెన్సు కట్టి, మేడమీద ఏరియల్ తీగ కట్టుకోగలిగిన కొద్దిమందికే అది. పంచాయతీ ఆఫీసు దగ్గర పెట్టిన రేడియో ముందు మగవాళ్ళే కూర్చునేవారు. 1950ల్లో ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టినప్పుడు మన ఆడవాళ్ళు రేడియో సిలోన్‌కి తిప్పారు. అక్కడ మీనాక్షీ పొన్నుదురై గారి తెలుగు పలుకు ఈనాటికీ పెద్దవాళ్ళ చెవుల్లో ఉంది. 1957 అక్టోబరు 3న వివిధభారతి వచ్చి పాటల్ని ఇంటికి తెచ్చింది. ఆ తరవాత ట్రాన్సిస్టర్ వచ్చాక చూడండి, రేడియో హాల్లోంచి కదిలి వంటింటి గూట్లోకి వచ్చింది. ధనుర్మాసపు భక్తిగీతాలు వింటూ పొయ్యి రాజేయడం, సంక్షిప్త శబ్దచిత్రం వింటూ చక్కిలాలు చుట్టడం అలవాటైంది. చేతికి పని తప్పకపోయినా చెవికి సెలవు దొరికింది. వారపత్రికలు వచ్చి ముగ్గులు అచ్చువేశాయి. మాలతీ చందూర్ గారు ప్రమదావనం శీర్షికలో ఇంటి ఆడవాళ్ళ సందేహాలకి దశాబ్దాలపాటు జవాబులు చెప్పారు. పక్కింటి ముగ్గు చూసి నేర్చుకున్న మనం రాజమండ్రి ముగ్గు సత్తెనపల్లిలో వేశాం.

ఇంతవరకూ సరదాల లెక్క. వీటికి డబ్బు ఎక్కడిది?

1955 డిసెంబరు 10న నెహ్రూ గారు నాగార్జునసాగర్‌కి శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ గారు కాలువలకి నీళ్ళు వదిలారు. కుడి కాలువ మన వైపు. జొన్నలకి పేరుపడ్డ నేలలో వరి వచ్చింది, మిరప విస్తరించింది, నల్లరేగడిలో పత్తి పెరిగింది. పత్తి ఏరేది చలికాలంలోనే, మిరపకాయ కోతలు సంక్రాంతి దాటేవరకూ, ఆపైనా సాగుతాయి. పత్తి అమ్మిన డబ్బు చేతికి వచ్చే వేళకే బట్టల కొట్లూ, సినిమా హాళ్ళూ కళకళలాడతాయి. ఊళ్ళో బేరం ఎలా ఉందో చూసి పంట ధర చెప్పవచ్చు.

మరి ఆ పత్తి ఏరే చేతులు ఎవరివి? ఆడవాళ్ళవే. గ్రీటింగ్ కార్డు మీద ముద్దుగా ఉండే మంచు పొలంలో అంత ముద్దుగా ఉండదు. మంచుకు తడిసిన పత్తి ఏరితే తేమ ఎక్కువ చూపిస్తుంది. ఎనిమిది శాతం తేమ ఉంటే పూర్తి ధర, పన్నెండు దాటితే పత్తి కార్పొరేషన్‌వారు కొనరు. అందుకని పొద్దెక్కి మంచు ఆరేదాకా ఆగి ఏరాలి. పొద్దున ఆగిన పని సాయంత్రం సాగుతుంది. కళ్ళంలో ఎండబోసిన మిరపకాయలకి రాత్రి మంచు తగిలితే బూజు పట్టి రంగు పోతుంది. కనుక చీకటి పడేసరికి పట్టాలు కప్పాలి, పొద్దున తియ్యాలి. కోతలకి కర్నూలు వైపు నుంచి కూడా కుటుంబాలు వలస వస్తాయి. మనం భోగిపళ్ళు పోసుకునే రోజున వాళ్ళ పిల్లలు చేలగట్ల మీద ఉంటారు. సరుగుడు కొమ్మ మీద మంచు అయిన ఆ దూది ఎవరి చేతి మీదుగా వచ్చిందో ఇప్పుడు తెలిసింది కదూ!

పంట పోయిన ఏడు పండుగా పోతుంది. 1980ల నడుమ తెల్లదోమ పత్తిని ఊడ్చేసినప్పుడు గుంటూరు, ప్రకాశం రైతుల ఇళ్ళల్లో అప్పులు మిగిలాయి, కొందరు ప్రాణాలు తీసుకున్నారు. పంట పండిన ఏడు మరో బెడద: కూలి డబ్బు ఇంటికి రాకుండా సారా దుకాణంలో దిగడం. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు మొదలుపెట్టిన పోరాటం 1992లో రాష్ట్రమంతా పాకింది. మన సత్తెనపల్లికి నాలుగుసార్లు శాసనసభ్యులుగా ఉన్న గాంధేయవాది వావిలాల గోపాలకృష్ణయ్య గారు కూడా మద్యపాన నిషేధం కోసం పాటుపడినవారే. 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం వచ్చింది. సంక్రాంతి వెళ్తూ వెళ్తూ ఇచ్చిన కానుక అనుకున్నారు ఆడవాళ్ళు. 1997లోనే దాన్ని సడలించారు. అయినా పండుగ డబ్బు ఎవరిదని ఆడవాళ్ళు నిలదీసి అడిగిన రోజులు అవి.

ఇంతలో టీవీ వచ్చింది. హైదరాబాదు దూరదర్శన్ 1977 అక్టోబరు 23న మొదలైనా, మన పట్నాలకి బొమ్మ అందింది 1980ల నడుమే. 1987 జనవరి 25న 'రామాయణం' ధారావాహిక మొదలైంది. టీవీ ఉన్న ఇంటికి వీధి వీధంతా వచ్చి చాపల మీద కూర్చునేది. అప్పుడు నేను ఇంకా చిన్నపిల్లని. చెప్పులు వాకిట్లో కుప్పపడి ఉండడం, టీవీకి హారతి ఇవ్వడం నాకు బాగా జ్ఞాపకం. 1995లో ఈటీవీ, జెమిని వచ్చి, ఇంటింటికీ టీవీ వచ్చాక ఆ చాపలు చుట్టేశాం. సినిమా మన నట్టింట్లోకి వచ్చింది, మనం మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఇప్పుడు ఫోను వచ్చి ఒకే గదిలో నలుగురం నాలుగు సినిమాలు చూస్తున్నాం.

ఒక్క అలవాటు మాత్రం మనల్ని వాకిట్లోనే ఉంచింది. డిసెంబరు 31 రాత్రి రంగులు కలుపుకుని, పెద్ద ముగ్గు వేసి, దాని కింద "హ్యాపీ న్యూ ఇయర్" అని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తాం. ఇది మన సంప్రదాయమా అని పెద్దలు విసుక్కుంటారు. నాకు మాత్రం ముచ్చటగానే ఉంటుంది. అర్ధరాత్రి పన్నెండుకి, మంచు కురుస్తుంటే, అమ్మా కూతురూ పక్కింటావిడా భయం లేకుండా వీధిలో కూర్చుని ఉండగలిగే రాత్రి ఏడాదిలో ఇంకేది? మన నాయనమ్మలు గోడ చాటున సినిమా చూసి సంపాదించిన స్వేచ్ఛ అది.

అందుకని ఈ మంచు నెలలో మనం చేయగలిగినవి రెండు మూడు ఉన్నాయి. అరిసెలు కొనుక్కున్నా సరే, ఒక్క పిండివంటైనా ఇరుగుపొరుగును పిలిచి కలిసి చేద్దాం. సినిమాకి వెళ్తే ఇంట్లో పెద్దావిడని కూడా తీసుకువెళ్దాం. ఒకప్పుడు ఆవిడ అడగలేకపోయింది, ఇప్పుడు ఎవరూ అడగడం లేదు. పొలం ఉన్న ఇళ్ళవాళ్ళం ఏరుడు కూలీ భోగికి ముందే, ఆడమనిషి చేతికే ఇద్దాం. మన ముగ్గు ఎంత పెద్దదైనా, చేలో ఉన్నావిడ వాకిట్లో కూడా ఆ పొద్దున నాలుగు గీతలు పడితేనే ఊరికి పండుగ.